గుగ్గిలం పూసిన పాదం

అనాటమీలో పాదం వంతు ఎప్పుడూ చివర్న వస్తుంది. తొడ, మోకాలు, పిక్క కోసి చూసేసరికి టర్ము అయిపోవస్తుంది. ఫార్మలిన్ వాసనకి కళ్ళు మండుతుంటాయి. పాదం దగ్గరికొచ్చేసరికి ప్రొఫెసరు కూడా "మిగతాది పుస్తకంలో చూసుకోండి" అని చేతులు కడుక్కుంటాడు. అందుకే మనలో చాలామంది డాక్టర్లకి మనిషి చీలమండ దాకానే తెలుసు. ఆ కిందది చెప్పులవాడి పని అనుకుంటారు.

నేను ఎముకల డాక్టరుగా రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను పెద్ద పెద్ద ఆపరేషన్ల గురించి అడుగుతారు. అవి మీకు ఎవరైనా నేర్పుతారు. నాకు పాదం నేర్పింది మాత్రం బందర్లో ఒక ఆస్పత్రి వరండా, ఒక చేపలమ్మే ఆవిడ, ఒక పిల్లి. అది చెప్తాను.

ఎర్ర గచ్చు

యాభైల చివర్లో నన్ను బందరులో వేశారు. నేను పుట్టి పెరిగింది మద్రాసు. ఇంట్లో టెలిఫోను ఉండేది. నాన్నగారు వ్యాపారానికని పెట్టించినా ఎక్కువ వాడింది నేనే. బందరు ఆస్పత్రి మొత్తానికి ఒకటే ఫోను, అదీ పెద్ద డాక్టరుగారి గదిలో. ఆయన రౌండ్సుకి వెళ్ళగానే లోపలికి దూరి రిసీవరు పట్టుకునేవాణ్ణి.

"నిన్ను మందులివ్వడానికి వేశారా, ట్రంకాళ్ళు కలపడానికి వేశారా?" అనేవారు ఆయన.

దానికి తోడు నాకు కోపం జాస్తి. కంపౌండరు సామ్యేలుగారు దాన్ని స్పిరిట్ దీపంతో పోల్చేవారు. "గబుక్కున అంటుకుంటుందండి. వేడి మాత్రం పెద్దగా ఉండదండి."

పెద్ద డాక్టరుగారు మంచి సర్జను. చెయ్యి తిరిగిన మనిషి. కానీ ఒకసారి నమ్మిన మాటని బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా వదిలేవారు కాదు. ఆయన నమ్మిన మాటల్లో మొదటిది, చదునుపాదం ఉన్నవాడు ఏ ఉద్యోగానికీ పనికిరాడని.

శుక్రవారం పోలీసు సెలక్షన్ల కుర్రాళ్ళని మా దగ్గరికి పంపేవాళ్ళు. కళ్ళు, ఛాతీ, గుండె అన్నీ చూశాక చివర్న పాదం. వరండాలో ఎర్ర గచ్చు అద్దంలా మెరిసేది. ఒక బేసిన్లో నీళ్ళు పెట్టి కుర్రాడు కుడికాలు ముంచి గచ్చు మీద మోపాలి. తడిముద్రలో లోపలివైపు ఖాళీ వదిలితే పాసు. ముద్ర మొత్తం నిండుగా పడితే ఇంటికి. పెద్ద డాక్టరుగారు దీన్ని 'వంతెన పరీక్ష' అనేవారు.

"మనిషి పాదం అంటే కాలవ మీద వంతెన. వంపు పడిపోతే బండి ఎలా వెళ్తుంది?" అని ప్రతి శుక్రవారం అడిగేవారు.

నిజానికి పాదంలో వంపు ఒకటి కాదు, మూడు. లోపలి అంచున మడమ నుంచి బొటనవేలి మొదలు దాకా ఎత్తుగా ఒకటి. చిటికెనవేలి వైపు అంచున పొట్టిగా, దాదాపు నేలకి ఆనుకుని ఇంకోటి. ఈ రెంటికీ అడ్డంగా పాదం నడిమధ్యన మూడోది. రెండు పాదాలూ పక్కపక్కన ఆనించి పెడితే వాటి కింద బోర్లించిన గిన్నెంత ఖాళీ ఉంటుంది. వంతెనలో నడిమి ఇటుక లాగా, పైనుంచి ఒళ్ళంతా మోసే చీలమండ ఎముక ఈ వంపు నెత్తిన కూర్చుంటుంది. ఇంతవరకూ పెద్ద డాక్టరుగారు చెప్పింది సరైనదే. తేడా ఎక్కడుందో నాకప్పుడు తెలీదు. ఆయనకైతే తెలుసుకోవాలనే లేదు.

లంకమ్మ

ఒక శుక్రవారం నాంచారయ్య అనే కుర్రాడొచ్చాడు. మంగినపూడి దగ్గర చేపలు పట్టేవాళ్ళ పల్లె. గ్రౌండులో పరుగు పందెంలో అందరికన్నా ముందొచ్చాడట. ఛాతీ చూస్తే తలుపు రెక్కలా ఉంది. బేసిన్లో కాలు ముంచి గచ్చు మీద పెట్టాడు. ముద్ర మినపట్టులా నిండుగా పడింది.

"చదును. అన్‌ఫిట్," అన్నారు పెద్ద డాక్టరుగారు. నేను కాగితం మీద రాశాను.

బయట మెట్ల మీద ఖాళీ చేపలగంప పక్కన పెట్టుకుని ఒకావిడ కూర్చునుంది. నాంచారయ్య మేనత్త, పేరు లంకమ్మ. సంగతి తెలియగానే సరాసరి నా మీదికొచ్చింది.

"ఏవయ్యా డాట్టరూ, పరుగులో మావోడే ముందొచ్చాడంట గదా. ఎందుకొద్దన్నారు?"

"పాదం చదునుగా ఉందమ్మా. అడుగున గుంట లేదు."

"గుంటెందుకూ? పోలీసోళ్ళు కాల్లో చేపలు పెంచుతారా?"

వరుసలో ఉన్న కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. "గుంట లేకపోతే ఎక్కువసేపు నిలబడలేడు, నడవలేడు."

"నేను గంప నెత్తినెట్టుకుని మంగినపూడి నించి రోజూ నడిచొస్తన్నాను. ఇదిగో, నా కాలు సూడు." ఆవిడ గోడ పట్టుకుని అరికాలు నా మొహం దాకా ఎత్తింది. మేనల్లుడిది మినపట్టయితే ఈవిడది దిబ్బరొట్టె.

"నువ్వేమన్నా పోలీసులో చేరుతున్నావా?" అన్నాను.

"చేర్చుకో. ముందు నిన్నే లోపలేస్తా."

ఈసారి సామ్యేలుగారు కూడా నవ్వారు. స్పిరిట్ దీపం భగ్గుమంది. "వచ్చే శుక్రవారం మళ్ళీ చూస్తారు, ఒక్కసారే. ఈలోపల ఎక్కణ్ణుంచైనా గుంట తీసుకురా. ఫిట్ అని రాసిస్తాం. వెళ్ళు!"

ఆవిడ వెళ్ళలేదు. గొంతు మాత్రం తగ్గించింది. "వీడి అన్న కిందటేడు తెప్పేసుకుని వెళ్ళాడయ్యా. తెప్పొచ్చింది, వాడు రాలేదు. వీడికి వచ్చే ఏటికి వయసు దాటిపోద్దంట, పోలీసుకి పనికిరాడంట. ఇంకొకణ్ణి నేను సముద్రానికివ్వను."

అని గంప నెత్తినెట్టుకుని మేనల్లుణ్ణి వెంటేసుకుని వెళ్ళిపోయింది. నాకు ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. దానిక్కూడా ఆవిడ మీదే కోపమొచ్చింది.

దివిసీమలో పాదజాతకం

ఆ మర్నాడే నన్నూ సామ్యేలుగారినీ కలరా ఇంజెక్షన్లకి దివిసీమ పంపారు. పులిగడ్డ దగ్గర ఏరు దాటి, బస్సు దిగి, అక్కణ్ణుంచి పొలం గట్ల మీద నడక. మందుల పెట్టెలు మోసే మనుషులు ముందు నడుస్తున్నారు. వానకి గట్టు నల్లరేగడి ముద్దయి ఉంది. బూట్లేసుకున్న నేను అడుగడుక్కీ జారుతున్నాను. బరువులు నెత్తినున్నవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ వెళ్తున్నారు.

మాకు బస ఒక మోతుబరి రైతు ఇంట్లో. అక్కడ ఎవరొచ్చినా ముందు మెట్టు దగ్గర చెంబుతో నీళ్ళు పోసుకుని కాళ్ళు కడుక్కుని అరుగెక్కాలి. పెట్టెలు మోసినవాళ్ళు కాళ్ళు కడుక్కుని సిమెంటు అరుగు మీద నడిచారు. వరసగా తడిముద్రలు. అన్నీ మినపట్లే! మా వరండా అయితే ఒక్కడు కూడా పాసయ్యేవాడు కాదు.

నేను నేలకేసి అలా చూస్తుంటే ఇంటాయన అడిగాడు. "ఏం డాక్టరుగారూ, ఏమన్నా పడిపోయిందాండీ?"

"వంపు," అన్నాను పరధ్యానంగా.

"బంగారందేనాండీ?"

కాదు, పాదంలో వంపు, మనిషి తడికాలి ముద్ర చూస్తే తెలుస్తుంది అని చెప్పబోయాను. 'తడికాలి ముద్ర చూస్తే తెలుస్తుంది' అన్న ముక్క మాత్రం ఊళ్ళోకి వెళ్ళిపోయింది. ఏం తెలుస్తుందో ఎవరికి వాళ్ళు కలుపుకున్నారు. సాయంత్రానికి అరుగు ముందు జనం. అందరి కాళ్ళూ తడే. మద్రాసు డాక్టరు పాదం చూసి జాతకం చెప్తాడట!

ఒక ముసలావిడ కోడల్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. "దీని అడుగు సూడు బాబూ. ఈ ఏడన్నా నోరు తగ్గుద్దా?"

"మా అత్తది కూడా సూడండి," అంది కోడలు. "చెవుడొచ్చే యోగమేవన్నా ఉందేమో."

నాకు అరవాలనిపించింది. సామ్యేలుగారు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు. "సూది అంటే ఈ ఊళ్ళో పారిపోతారండి. పాదం అంటే వస్తున్నారు. ముందు సూది, తర్వాత పాదం అనండి."

అన్నాను. పాదం చూపించుకోవడానికి ఊరు ఊరంతా ఇంజెక్షన్ వేయించుకుంది. అంతమంది అరికాళ్ళు వరసగా చూశాక నాకు పాదజాతకం రాలేదుగానీ ఒక సంగతి అర్థమైంది. నొక్కి చూస్తే వీళ్ళ పాదంలో వంపు చోట ఉన్నది కూలిపోయిన ఎముక కాదు, కండ. చిన్నప్పట్నుంచీ ఉత్తకాళ్ళతో బురదనీ ఇసకనీ పట్టుకుని నడిచిన పాదం వెడల్పవుతుంది. బొటనవేలి కింది కండ బలిసి గుంటని పూడ్చేస్తుంది. ఒక్కరికీ నొప్పి లేదు. మరి మా ఎర్ర గచ్చు చూసేది వంపునా, కండనా?

ట్రంకాల్

బందరు తిరిగొచ్చి ఫోను దగ్గరికే పరిగెత్తాను. నా క్లాస్‌మేట్ ఒకడు మద్రాసులో ఎముకల సర్జను దగ్గర పని చేస్తున్నాడు. కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకుంటే లైను కలిసింది. సముద్రం అడుగునుంచి మాట్లాడుతున్నట్టుంది.

"వేళ్ళ మీద నిలబెట్టావా?" అంటున్నాడు.

"ఎవర్ని?"

"ఆ కుర్రాణ్ణిరా! మునివేళ్ళ మీద! మడమ లేస్తే వంపు లేవాలి. లేస్తే ఆ పాదం బాగున్నట్టే. లేవకుండా బిగుసుకుపోయుంటేనో, నొప్పుంటేనో అది వేరే..." లైను తెగింది.

అప్పుడు వెలిగింది నాకు. పాదం అడుగున మడమ నుంచి వేళ్ళ దాకా ఒక మందపాటి పట్టీ ఉంటుంది, వింటికి నారి ఉన్నట్టు. మునివేళ్ళ మీద లేస్తే వేళ్ళు పైకి మడతపడి ఆ నారి బిగుస్తుంది. నారి బిగిస్తే విల్లు వంగి తీరాలి. దానికి సాయం, పిక్కలోంచి దిగొచ్చిన ఒక స్నాయువు లోపలి చీలమండ చుట్టూ తిరిగి వంపుని పైకి లాగుతుంది. వంతెన కట్టాక కదలదు. పాదం అడుగడుక్కీ కొత్తగా కట్టుకుంటుంది. అంటే నిలబడ్డ పాదం ముద్ర చూసి వంపు లేదనడం, నిద్రపోతున్నవాణ్ణి చూసి మూగవాడనడం లాంటిది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్ద డాక్టరుగారు.

"ఎవర్నయ్యా నిలబెడుతున్నావు?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "మద్రాసులో కావాలంటే వేళ్ళ మీద నిలబెట్టుకోమను. నా ఆస్పత్రిలో గచ్చు మీద నిలబెడతాం."

సరే, శుక్రవారం ఆయన కళ్ళముందే నాంచారయ్యని మునివేళ్ళ మీద నిలబెట్టి చూపిద్దామని ఆగాను. ఆ శుక్రవారం వచ్చింది. ఆ కుర్రాడికి అదే ఆఖరి అవకాశం.

గుంట తెచ్చారు

నాంచారయ్య బేసిన్లో కాలు ముంచి తీసి గచ్చు మీద పెట్టి పక్కకి జరిగాడు. నేను చూసి నోరు తెరిచాను. మడమ ఒక చుక్క, ముందుపాదం ఒక చుక్క, వాటిని కలుపుతూ బయటి అంచున సన్నటి గీత. లోపలంతా ఖాళీ, దిద్దినట్టు అర్ధచంద్రం.

"ఆహా!" పెద్ద డాక్టరుగారు వంగి చూశారు. "ఇదీ వంతెనంటే! కిందనుంచి పడవ వెళ్ళిపోతుంది! పోయినవారం దీన్ని చదును అన్నదెవరు?"

"మీరేనండి," అన్నాను.

"నేను అనుంటాను. రాసింది నువ్వు."

నా కోపం నషాళానికెక్కింది. ఇంతలో ఆస్పత్రి పిల్లి ఎక్కణ్ణుంచో వచ్చి నాంచారయ్య కుడిపాదం నాకడం మొదలెట్టింది. అతను కదలకుండా పళ్ళు బిగించి నిలబడ్డాడు. వరండా అంతా ఏదో వాసన. సొరచేప నూనె, దాంతోపాటు గుగ్గిలం. పల్లెల్లో పడవ పలకల సందుల్లోకి నీళ్ళు రాకుండా ఈ రెండూ కాచి పూస్తారు. పూసినచోట తడి అంటదు.

నేను స్పిరిట్‌లో దూది ముంచి అతని అరికాలు తుడిచాను. దూది నల్లగా జిడ్డయింది. మళ్ళీ ముంచి గచ్చు మీద పెట్టమన్నాను. నిండుగా, అంచు నుంచి అంచుకి, అట్టు. ఆ అట్టు మధ్యలో స్పిరిట్‌కి కరిగిన గుగ్గిలం అర్ధచంద్రంలా గచ్చుకి అంటుకుంది.

"చీటింగ్!" పెద్ద డాక్టరుగారి కేకకి పిల్లి పారిపోయింది.

లంకమ్మ మెట్లెక్కి వచ్చేసింది. "ఈ డాట్టరేగదయ్యా ఎక్కణ్ణించైనా గుంట తెమ్మంది! తెచ్చాం! పడవకి పూసే సరుకే పూశాం. సముద్రంలోనే దిగదది, మీ బేసిన్లో నీళ్ళకి దిగుద్దా?"

"ఇంకే సెలక్షనుకీ పనికిరాకుండా రాసేస్తాను!" అని ఆయన కలం తీశారు.

అప్పటిదాకా నోరు మెదపని నాంచారయ్య చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. "రాయండి సార్. అత్తనేమనకండి. పూయమంది నేనే." అత్తకేసి తిరిగి, "పద అత్తా, తెప్ప ఉంది కదా," అన్నాడు.

నేను పెద్ద డాక్టరుగారి చెయ్యి పట్టుకున్నాను. ఉద్యోగం సంగతి ఆలోచించలేదు. "ముద్ర చూసి రాయకండి సార్, పాదం చూసి రాయండి! ముద్రకి గుగ్గిలం కూడా వంపే!"

"నాకు పాదం నేర్పుతావా? అసలైన వంపు ఎలా ఉంటుందో చూడు!" అని ఆయన కుర్చీలో కూలబడి బూటు విప్పారు, మేజోడు పీకారు, పంట్లాం పైకి మడిచారు, కాలు బేసిన్లో ముంచి ధాటీగా గచ్చు మీద వేశారు. తీశారు.

ఎర్ర గచ్చు మీద దిబ్బరొట్టె.

"నీళ్ళెక్కువైనట్టున్నాయండి," అన్నారు సామ్యేలుగారు మెల్లిగా.

ఆయన కాలు తువ్వాలుకి అద్దుకుని మళ్ళీ పెట్టారు. మళ్ళీ రొట్టే.

"గచ్చు కూడా పాతదైపోయిందండి."

లంకమ్మ నడుం వంచి ఆ ముద్రని తేరిపార చూసింది. తల ఎత్తి చాలా మర్యాదగా అడిగింది. "తమరు కూడా మా పల్లెవోరేనా అయ్యా?"

ఆయన మొహంలో నెత్తురు లేదు. ఏళ్ళ తరబడి ఈ గచ్చు మీద ఎంతమందిని ఇంటికి పంపారో ఆయనకి గుర్తొస్తోందని నాకనిపించింది. నా కోపం ఎటుపోయిందో పోయింది. "ఒక్కసారి మునివేళ్ళ మీద నిలబడండి సార్," అన్నాను.

నా భుజం పట్టుకుని లేచారు. మడమ నేల వదిలింది. ఆ చదునైన పాదం లోపలి అంచు గట్టిపడి, పైకి లాక్కుని, కింద చక్కటి వంపు తేలింది. ఆయన తల వంచి చూడబోయారుగానీ పొట్ట అడ్డమొచ్చింది.

"లేచిందా?" అని అడిగారు, పసిపిల్లాడిలా.

"లేచిందండి!" అన్నారు సామ్యేలుగారు.

"లేచిందయ్యా, పిట్ట దూరుద్ది!" అంది లంకమ్మ.

"ఊఁ," అని ఆయన మడమ దించారు. నాంచారయ్య వైపు తిరిగారు. "నువ్వు లేవరా."

నాంచారయ్య చొక్కా భుజాన వేసుకుని ఎవర్నీ పట్టుకోకుండా మునివేళ్ళ మీద లేచాడు. ఆ కండ మధ్యనుంచి వంపు పడవ అడుగులా పైకొచ్చింది. ఒక కాలు ఎత్తమంటే ఒంటికాలి మీదే అలా నిలబడ్డాడు. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. పెద్ద డాక్టరుగారు ఆ పాదాన్ని చేత్తో పట్టి, అటూ ఇటూ తిప్పి, నొక్కి, మొట్టమొదటిసారి నిజంగా పరీక్షించారు. నా చేతికి కాగితం ఇచ్చారు.

"ఫిట్ అని రాయి. చదువుకునేటట్టు రాయి, నీ చేతిరాత కోడి గెలికినట్టుంటుంది."

లంకమ్మ మేనల్లుణ్ణి వాటేసుకోలేదు. వీపు మీద గట్టిగా ఒక్క చరుపు చరిచింది. "తెప్ప ఉందంటావా? తెప్ప?" అని ఇంకొకటి చరిచింది. అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాతి శుక్రవారం నుంచి బేసిను కనిపించలేదు. పెద్ద డాక్టరుగారు కుర్రాళ్ళని వరసగా మునివేళ్ళ మీద నిలబెట్టి, "ఇది మన పద్ధతి. మద్రాసు వాళ్ళు కూడా ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు," అనేవారు. నేను కాదనలేదు. పై అధికారి సరైన పని చేస్తున్నప్పుడు దాన్ని ఎవరు కనిపెట్టారని ఆరా తీయకండి. ఇది మీకు ఏ అనాటమీ పుస్తకంలోనూ దొరకదు.

మిగిలిన మరక

తర్వాత నేను గుడివాడలో పని చేశాను. స్టేషను రోడ్డులో బళ్ళూ రిక్షాలూ ఇరుక్కున్నచోట నాంచారయ్య డ్యూటీ. పొద్దుట నేను ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు నిలబడి ఉండేవాడు, తిరిగొచ్చేటప్పుడూ నిలబడే ఉండేవాడు. ధాన్యం బళ్ళ వెనక ఏముందో చూడ్డానికి అప్పుడప్పుడు మునివేళ్ళ మీద లేచేవాడు. నన్ను చూస్తే కావాలని ఇంకాస్త లేచేవాడు.

అరవైల చివర్లో ఏదో పని మీద బందరు ఆస్పత్రికి వెళ్ళాను. పెద్ద డాక్టరుగారు ఎప్పుడో రిటైరయ్యారు. వరండా అదే. కొత్తగా చేరిన కుర్ర డాక్టరొకడు, సిటీ నుంచి వచ్చినవాడే, స్వీపరు మీద కేకలేస్తున్నాడు. ఎర్ర గచ్చు మీద అర్ధచంద్రంలా ఒక నల్లటి మరక, ఎన్నిసార్లు కడిగించినా పోవడం లేదట.

"టింక్చరు ఒలికుంటుంది కదా సార్?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపల, సెలక్షను కుర్రాళ్ళని వెంటబెట్టుకొచ్చిన హెడ్ కానిస్టేబులు ఒకడు వరస వదిలి ముందుకొచ్చాడు. మరకకేసి వంగి చూసి, బూటుకాళ్ళు దగ్గరికి చేర్చి నాకు సెల్యూట్ కొట్టాడు. నాంచారయ్య.

"టింక్చరు కాదండి," అన్నాడు కుర్ర డాక్టరుతో. "అది నా గుంటండి. ఇక అక్కర్లేదన్నారని ఇక్కడే వదిలేసి వెళ్ళాను."